మంచుదారికి వెడల్పు టైరు



అలాస్కా, మినెసోటా వంటి సీమలలో శీతకాలమనగా మన పుష్యమాసపు చలి వంటిది కాదు. నెలల తరబడి మంచు నేలను విడువదు. డిసెంబరు మూడవ వారమున అలాస్కాలోని యాంకరేజి పట్టణమున పగలు ఐదున్నర గంటలకు మించదు. అట్టి దినములలో తలుపులు మూసికొని యింటనే కూర్చున్నచో దేహమునకు బడలికయు, మనస్సునకు దిగులును కలుగుట సహజము. అందుచేతనే అచటి స్త్రీ పురుషులు పెక్కుమంది లావు టైర్ల సైకిలు నెక్కి మంచుదారిని పోవుచున్నారు. దీనికే ఫ్యాట్ బైక్ అని పేరు. ఆ దేశములలో కాపురమున్న మన యాడపడుచులకును ఇది పరాయి వస్తువు కాదు. నాలుగంగుళముల టైర్లున్న సైకిలునకు ఇంకను వెడల్పయిన టైర్లు వేయించిన మేలా, వ్యర్థవ్యయమా యను విషయమును ఈ నెల ముచ్చటింతము.

దమ్ముచేసిన చేనిలో ఇరుకు చక్రపు బండి దిగబడుట మనమెరిగినదే. మంచులోను అదే న్యాయము. మనిషియు సైకిలును కలిసి 200 పౌనులు తూగినవనుకొందము. టైర్లలో గాలి చదరపు అంగుళమునకు 40 పౌనుల ఒత్తిడితో ఉన్నచో, రెండు టైర్లును కలిసి నేలను తాకు చోటు సుమారు 5 చదరపు అంగుళములు మాత్రమే. గాలిని 8 పౌనులకు దింపినచో అది 25 చదరపు అంగుళములగును. బరువంతయు ఐదురెట్లు విశాలమైన చోట పరచుకొనుట వలన చక్రము దిగబడక మంచుపై తేలి పోవును.

ఇందొక కిటుకు కలదు. మంచుపై మనలను మోయునది వెడల్పు కాదు, తక్కువ గాలి. ఇరుకు టైరులో అంత తక్కువ గాలి యుంచినచో, చిన్న రాయి తగిలినను రిము నేలకు కొట్టుకొని ట్యూబు చిరుగును. వెడల్పు టైరు ఆ యపాయము లేకుండ గాలిని తగ్గించుకొనుటకు వీలిచ్చును. కావున క్రొత్త టైరు కొనుటకు ముందు ఉన్న టైరులోనే గాలి తగ్గించి చూడుడు. పెక్కుమందికి అంతటితోనే పని తీరును. అప్పటికిని మెత్తని మంచులో దిగబడుచున్నప్పుడే పెద్ద టైరును గూర్చి యోచింపవలయును.

ఈ సైకిలు ఒక్కనాట పుట్టినది కాదు. 1900 సంవత్సరమున ఎడ్ జెస్సన్ అను నతడు బంగారమునకై డాసన్ పట్టణమునుండి నోమ్ వరకు, గడ్డకట్టిన యూకాన్ నది వెంట, సాధారణమైన సైకిలు మీదనే ప్రయాణము చేసెను. కుక్కబండ్లు త్రొక్కి గట్టిపరచిన జాడ యుండుటచేతనే అది సాధ్యమయ్యెను. 1987లో అలాస్కాలో ఇడిటాబైక్ అను మంచుదారి పందెము మొదలయ్యెను. ఆ పందెగాండ్రు కొందరు రెండు రిములను ప్రక్కప్రక్కన అతికించి చక్రము వెడల్పు చేసికొనిరి. ఫెయిర్‌బ్యాంక్స్ వాసి సైమన్ రేకోవర్ 44 మిల్లీమీటర్ల వెడల్పుగల స్నోక్యాట్ రిములను చేసి యిచ్చెను. 2005లో మినెసోటాకు చెందిన సర్లీ కంపెనీవారు 3.7 అంగుళముల టైర్లతో పగ్స్‌లీ యను సైకిలును అంగడికి తెచ్చిన పిమ్మట ఇది సామాన్యులకును అందుబాటయ్యెను. నేడు ఐదంగుళములకు చేరువయైన టైర్లును దొరకుచున్నవి.

ఇక కొనుటకు ముందు చూడవలసినవి నాలుగు. మొదటిది చక్రపు కొలత. ఫ్యాట్ బైకులలో 26 అంగుళములవియు, 27.5 అంగుళములవియు కలవు. ఒకదాని టైరు మరియొకదానికి పట్టదు. పాత టైరు ప్రక్కగోడపై ముద్రించిన అంకెలను చూచుకొనుడు. రెండవది సందు. ముందు ఫోర్కులోను, వెనుక కడ్డీల నడుమను, టైరున కిరువైపుల కనీసము 6 మిల్లీమీటర్ల ఖాళీ యుండవలయును. లేనిచో తడిమంచు అందు పేరుకొని చక్రమును పట్టివేయును. మూడవది గొలుసు. వెనుక అన్నిటికంటె పెద్ద పళ్లచక్రముపై గొలుసును వేసి, అది టైరును రాచుకొనునేమో పరీక్షింపవలయును. నాలుగవది రిము వెడల్పు. ఇరుకు రిముపై పెద్ద టైరు బుడగవలె గుండ్రమగునే గాని పరచుకొనదు. ఐదంగుళముల టైరునకు 80 మిల్లీమీటర్లకు తక్కువ కాని రిము శ్రేష్ఠము.

వెనుక చోటు చాలక ముందు చాలునేని, ముందు చక్రమునకే పెద్ద టైరు వేయుట పెక్కురు చేయు పని. మంచులో ముందు చక్రము దిగబడినచో సైకిలు అదుపు తప్పును గనుక ఆ మార్పు నిరర్థకము కాదు. ఖర్చును సగమగును. అయితే పెద్ద టైరు బరువు కూడ హెచ్చు. గట్టి రోడ్డుపైననే తిరుగువారికి అది అనవసరపు శ్రమ.

టైరు మార్చుట ఇంట చేసికొనదగిన పనియే. గాలి పూర్తిగా తీసి, టైరు అంచును ఇరువైపుల రిము నడిమి పల్లములోనికి నొక్కి ఊడదీయవలయును. క్రొత్త టైరుపైగల బాణపు గుర్తు చక్రము తిరుగు దిక్కునకు ఉన్నదో లేదో చూడవలయును. ట్యూబులో కొంచెము గాలి పట్టించి లోపల అమర్చి, వాల్వునకు ఎదుటి వైపున మొదలిడి వాల్వు వద్ద ముగింపవలయును. అంచులకు సబ్బునీరు రాచినచో సులువుగా జారి కూర్చుండును. పిమ్మట గాలి కొట్టి, టైరు చుట్టునుగల సన్నగీత అంతటను రిమునకు సమదూరమున కనబడువరకు చూడవలయును. టైరుపై ముద్రించిన హద్దును మాత్రము మీరరాదు.

గాలి విషయమున చలి చేయు మోసమొకటి కలదు. 20 డిగ్రీల వెచ్చదనముగల గదిలో 8 పౌనుల గాలి నింపి, సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలోనికి పోయినచో, చిల్లి లేకుండగనే అది సుమారు 5 పౌనులకు దిగును. మోటారు టైరునకు మూడు పౌనులు స్వల్పము; ఈ టైరునకు అది మూడవ వంతునకు పైమాట. కావున సైకిలును బయట కొంతసేపు చల్లారనిచ్చి, అటుపిమ్మటనే గాలి సరిచూచుకొనవలయును. సాధారణపు పంపుపైని ముల్లు ఇంత తక్కువ ఒత్తిడిని సరిగా చూపదు. తక్కువ ఒత్తిడి కొలుచు చిన్న గేజి నొకదానిని సంచిలో ఉంచుకొనుడు.

వెడల్పు టైరు మంచునకే గాని నున్నని గడ్డకు మందు కాదు. గడ్డపై ఎంత లావు టైరైనను జారును. అచట చిన్న మేకులు పొదిగిన టైరు కావలయును. ఈ భేదము తెలియక ధైర్యముగా పోయి ఎముకలు విరుగగొట్టుకొనుట తగదు. గడ్డకట్టిన చెరువుపై స్వచ్ఛమైన గడ్డ నాలుగంగుళములకు తక్కువైనచో కాలు పెట్టనే కూడదు. దారియంతయు మెత్తనై, మన చక్రపు చాలు అంగుళమునకు మించి లోతు పడుచున్నచో, ఇతరులు శ్రమించి చదును చేసిన త్రోవను చెరుపక మరలివచ్చుట మర్యాద.

దేహరక్షణమును మరువరాదు. చెమట పట్టునంత దుస్తులు తొడుగరాదు. నిలిచినంతనే ఆ తడి గడ్డకట్టించును. హ్యాండిలునకు తొడుగు పెద్ద ఉన్నిసంచులలో చేతులుంచినచో వ్రేళ్లు కాపాడబడును. వ్రేళ్లు తెల్లబడి స్పర్శ తెలియకున్నచో అది ఇంటికి మరలుమని హెచ్చరిక. ఎటు పోవుచున్నదియు, ఎప్పుడు వచ్చునదియు ఇంటివారికి చెప్పియే బయలుదేరవలయును.

ఆడువారికి ఈ మంచులో సైకిలేమి యని దూరదేశమునుండి దిగులుపడు తల్లులకొక మాట. యాంకరేజిలో పుట్టిన లేయెల్ విల్కాక్స్ 2024లో సైకిలుపై భూమిని 108 దినములలో చుట్టివచ్చెను. మన బిడ్డలు అంత సాహసము చేయనక్కరలేదు. దినమున కొక గంట వెలుతురులో తిరిగివచ్చినను చాలును. వలదని వ్రాయుటకు బదులు, గాలి చూచుకొంటివా, చేతితొడుగులు పెట్టుకొంటివా, దారి చెప్పి పోయితివా యని అడుగుడు. ఆ మూడు ప్రశ్నలకు సరియైన జవాబు చెప్పగల బిడ్డను గూర్చి మీరు నిశ్చింతగా నిద్రింపవచ్చును.