పుర్జాల పేర్లు, పుర్జాల దోస్తానా

నాలుగు స్ట్రోకుల ఇంజన్ బొమ్మ గీసి భాగాల పేర్లు రాయమంటే కళ్లు మూసుకుని రాస్తాను. అయినా ఇంజన్ గురించి నాకేమీ తెలియదన్న సంగతి మొన్న ఫిబ్రవరిలో, ఆర్మూరులో ఒక మిస్త్రీ దుకాణం ముందు బయటపడింది.

మాది పసుపు పండించే ఇల్లు. కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పితేనే పైపొట్టు రాలి మెరుపు వస్తుంది. మెరుపు లేని కొమ్ముకు యార్డులో ధర పలకదు. ఆ డ్రమ్మును తిప్పే మా పాత డీజిల్ ఇంజన్ సరిగ్గా అప్పుడే దమ్ము విడిచింది. రింగులు అరిగిపోయాయి. కల్లంలో పసుపు, పైన మబ్బు. నాయిన ముఖం చూడలేకపోయాను. ఇంజన్‌ను ట్రాక్టరులో వేసుకుని ఆర్మూరు పోయినం.

మిస్త్రీ పుర్జాలన్నీ గోనెపట్టా మీద, విప్పిన వరుసలోనే పేర్చాడు. కొత్త రింగులు వేశాక, "డిగ్రీ సదువుతున్నవ్ గద తమ్మీ, గేర్లు నువ్వే ఎక్కియ్" అన్నాడు. ఎక్కించాను. పళ్లలో పళ్లు చక్కగా కూర్చున్నాయి. హ్యాండిల్ తిప్పి తిప్పి చేతులు బొబ్బలెక్కాయి గాని ఇంజన్ పలకలేదు. ఆయన మూత విప్పి చూపించాడు. క్రాంకు గేరు మీద ఒక చుక్క, దానికి రెట్టింపు పళ్లున్న క్యాము గేరు మీద ఒక చుక్క. రెండూ ఎదురెదురుగా రావాలి. నేను రెండు పళ్లు తప్పించాను. పిస్టన్ గాలిని నొక్కే వేళకు వాల్వు ఇంకా మూసుకోవడం లేదు.

"పేర్లు వచ్చినయ్ తమ్మీ, పుర్జాల దోస్తానా రాలే" అన్నాడు. చుక్కలు కలిపాక ఇంజన్ అందుకుంది. వాన రాకముందే పసుపు పాలిషయింది.

తర్వాత వాంకెల్ రోటరీ ఇంజన్ గురించి చదివాను. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనలోంచి పుట్టి, 1967లో మాజ్దా వారి కాస్మో స్పోర్ట్ కారుకెక్కిన ఆ ఇంజన్‌లో కిందికీ మీదికీ ఆడే పిస్టన్ లేదు, వాల్వులు లేవు. నడుము కొంచెం నొక్కిన గుడ్డు ఆకారపు గూటిలో మూడు మూలల రోటర్ తిరుగుతుంది. మునుపైతే పేర్లు బట్టీ పట్టి ముగించేవాణ్ణి. ఈసారి ముందు పళ్లు లెక్కపెట్టాను. మాజ్దా 13బి రకంలో కదలని గేరుకు 34 పళ్లు, రోటర్ కడుపులోని గేరుకు 51. రెండుకు మూడు. అందుకే షాఫ్టు మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక్క చుట్టే తిరుగుతుంది. రోటర్ మూడు ముఖాల దగ్గరా వంతులవారీగా ఇంధనం మండుతుంది గనుక ఒక్కో రోటర్‌కు షాఫ్టు ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ. మా డీజిల్ ఇంజన్‌కు రెండు చుట్లకు ఒకటి. పన్ను తప్పిందా, రోటర్ మూల గోడకు తగులుతుంది. ఆ మూలల్లో సన్నని సీళ్లు, వాటి వెనుక స్ప్రింగులు ఉంటాయి. తొలిరోజుల్లో ఈ సీళ్లు అదిరి గోడ మీద గీతలు పడేవి. మాజ్దా ఇంజనీర్లు వాటితోనే ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. ఒక సీలు ఇరుక్కుంటే అటూ ఇటూ రెండు గదులూ చెడతాయి. అంటే మా రింగుల కథే!

అధ్యాపక మహాశయులు మన్నించాలి, సూటిగానే అంటాను. మన ప్రయోగశాలలో జవాబు ముందే తెలిసిన ప్రయోగాలే ఎక్కువ. ఒక తుక్కు ఇంజన్ ఇచ్చి, విప్పి మళ్లీ బిగించమనండి. నడిచిన ఇంజన్‌కే మార్కులు వేయండి. అది ఐ.టి.ఐ. వాళ్ల పని అంటారు కొందరు. పళ్ల నిష్పత్తి గణితం కాదా? సీలును గోడకు అదిమే ఒత్తిడి భౌతికశాస్త్రం కాదా? (మా క్లాసులో రైతుబిడ్డలకు కొదవ లేదు. బావి మోటారు చెడితే మాత్రం అందరమూ మిస్త్రీకే ఫోన్ చేస్తాం.)

మా బావిగడ్డ మీద ఇంకో ఇంజన్ తుప్పు పట్టి పడి ఉంది. నాయినను అడిగితే తీసుకుపొమ్మన్నాడు. బరువైనది, మోయడానికి నలుగురు మిత్రులు కావాలి. ప్రయోగశాలలో ఓ మూల కాస్త చోటు కూడా కావాలి.