పాత విమానం కొనేటప్పుడు ఇంజన్లు లెక్కపెడితే సరిపోదు

2025 జూన్ 9న సోలాపూర్ నుంచి గోవాకు విమానం మొదలైనప్పటి నుంచి విడీ ఘర్కుల్‌లో విమానాల ముచ్చట ఎక్కువైంది. మన బంధువుల్లో కొందరు ఒక అడుగు ముందుకేసిండ్రు. నలుగురు కలిసి పాత టర్బోప్రాప్ ఒకటి కొని, రోగులను హైదరాబాద్‌కు, ముంబైకి తీసుకపోయే ఎయిర్ అంబులెన్స్‌గా నడిపిద్దామని అంటున్నరు. పెట్టుబడికి మనందరినీ అడుగుతున్నరు. ఆలోచన మంచిదే. కానీ చర్చ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది: “రెండు ఇంజన్లున్నదే కొనాలె. ఒకటి ఆగితే ఇంకోటి ఉంటది.”

ఈ మాట నేను పూర్తిగా ఒప్పుకోను.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒక సర్వర్‌కు తోడుగా ఇంకోటి పెట్టినంత మాత్రాన సిస్టమ్ భద్రమని మేము రాయం. మొదటిదాన్ని కావాలని ఆపి, రెండోది బరువు మోస్తదా లేదా చూస్తం. విమానంలోనూ అంతే. టేకాఫ్ సమయంలో ఒక ఇంజన్ ఆగితే విమానం ఆ పక్కకు తిరుగుతది. పైలట్ వెంటనే రడ్డర్ తొక్కి, ఆగిన ప్రొపెల్లర్ రెక్కలను గాలికి అడ్డం లేకుండా తిప్పాలె. అప్పుడు ఎక్కే శక్తి సగం కాదు, సగానికంటే చాలా ఎక్కువే తగ్గుతది. సిమ్యులేటర్‌లో తరచుగా సాధన చేసిన పైలట్‌కే రెండో ఇంజన్ వరం.

మన దేశంలో జరిగినవే చూడండి. 2011 మేలో పాట్నా నుంచి రోగిని ఢిల్లీకి తెస్తున్న పిలాటస్ పీసీ-12 ఫరీదాబాద్‌లో ఇండ్ల మీద కూలి పదిమంది పోయిండ్రు. దానికి ఇంజన్ ఒకటే. 2015 డిసెంబర్ 22న ఢిల్లీలో బీఎస్‌ఎఫ్ వారి కింగ్ ఎయిర్ కూలి పదిమందే పోయిండ్రు. దానికి రెండు ఇంజన్లు. రెండు చోట్లా విమానం అదుపు తప్పింది, ఇంజన్ ఆగి కాదు. 2009లో నల్లమలలో కూలిన వైఎస్ రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్‌కూ రెండు ఇంజన్లే.

ఇక డబ్బు సంగతి. పీసీ-12లోనూ కింగ్ ఎయిర్‌లోనూ ఉండేది పీటీ6 అనే ఒకే కుటుంబపు ఇంజన్. సుమారు 3,500 గంటలకు దాన్ని పూర్తిగా విప్పి బాగుచేయాలె, ఖర్చు కోట్లల్లో. పాత కింగ్ ఎయిర్ చవకగా దొరుకుతది, కానీ ఆ ఖర్చు రెండింతలు. చవకకు కొని, తర్వాత రిపేరు వాయిదా వేసే యజమాని చేతిలో రెండు ఇంజన్లుంటే రెండు బెంగలు. పైగా పీసీ-12కు వెనక పెద్ద కార్గో తలుపు ఉంది, స్ట్రెచర్ సులువుగా ఎక్కుతది.

అయితే రెండో ఇంజన్‌కు విలువ లేదని అనను. సోలాపూర్ నుంచి హైదరాబాద్ దాకా చాలామటుకు చదును నేల. ఇంజన్ ఆగినా పీసీ-12 తన ఎత్తుకు సుమారు పదిహేను రెట్ల దూరం జారుతూ పోగలదు, పగటిపూట దిగే చోటు వెతుక్కోవచ్చు. ముంబై దారిలో సహ్యాద్రి కొండలు అడ్డం. వానకాలం, అర్ధరాత్రి ఆ దారిన పోవాలంటే నేనూ రెండు ఇంజన్లదే అడుగుతా. ఆస్ట్రేలియా ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు కూడా రెండు రకాలనూ నడుపుతది.

మన పెద్దలు పాత సాంచ కొనేటప్పుడు రంగు చూసేవాళ్లు కాదు. నడిపించి చూసేవాళ్లు, విడిభాగాలు దొరుకుతయా, మంచి జాబర్ ఉన్నడా అని అడిగేవాళ్లు. మనమూ అవే అడుగుదాం. ఇంజన్ లాగ్‌బుక్ మొదటి రోజు నుంచి ఉందా? ఓవర్‌హాల్‌కు ఇంకెన్ని గంటలు మిగిలినయి? ప్రతి ప్రయాణానికి ఇద్దరు పైలట్లుంటరా? ఏటా సిమ్యులేటర్ ఖర్చు ఎవరు పెడతరు? రిపేరు కోసం విడిగా డబ్బు దాస్తరా?

వీటికి కాగితం మీద జవాబు ఇస్తే, పగటి హైదరాబాద్ దారికి ఒక్క ఇంజన్ విమానంలో నా వాటా పెడతా. జవాబు లేకపోతే నాలుగు ఇంజన్లున్నా పైసా పెట్టను. ఆ స్ట్రెచర్ మీద పడుకునేది మన అవ్వో తాతో కావచ్చు.