పాత కారు, కనబడని గొట్టాలు

క్రిందటి నెల కొండపాక నుండి దుద్దెడ మీదుగా రాజీవ్ రహదారి ఎక్కబోతూ బ్రేకు తొక్కితే, కాలు సగానికి పైగా దిగిపోయింది. బండి ఆగిందంటే బ్రేకు నూనెకు రెండు వేర్వేరు దారులుండబట్టే. వెనుక చక్రానికి వెళ్ళే ఇనుప గొట్టం తుప్పుపట్టి చిల్లిపడింది.

చిల్లి ఉన్నంత మేర కోసి రాగి ముక్క అతికిస్తానన్నాడు మెకానిక్కు. నేను ఒప్పుకోలేదు. రాగి సులువుగా వంగుతుంది, నిజమే. కానీ అదురుకు గట్టిపడి పగులుతుంది. పైగా మిగతా గొట్టాల వయసూ అదే కదా! బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక తుప్పు లోపలినుండీ తినగలదు. అన్నీ మార్చవలసిందేనని పట్టుబట్టాను. రెండు రోజుల పని, జేబుకు చిల్లు.

పనిలో పనిగా పెట్రోలు గొట్టాలూ మార్పించాను. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఊళ్ళలో ఇంకా తిరుగుతున్న ఆ బండ్లేవీ ఈ పెట్రోలు కోసం చేసినవి కావు. పాత రబ్బరు దానికి ఉబ్బి, మెత్తబడి, పగుళ్ళిస్తుంది. వేడెక్కిన ఇంజను మీద నాలుగు చుక్కలు పడితే చాలు. ఇథనాలును తట్టుకునే గొట్టాలు దొరుకుతున్నాయి, అడిగి వేయించుకోవాలి.

మనం పాత బండికి రంగు వేయిస్తాం, కొత్త సీటు కవర్లు తొడిగిస్తాం. అడుగున దూరి చూడం. (నేనూ చూడలేదు, పదిహేనేళ్ళు!)

ఊడదీసిన గొట్టాన్ని గోటితో గీకితే పొరలు పొరలుగా రాలింది. మా అబ్బాయికి చూపించాలని దాచాను.