శిష్యుని గడియారము

వైమానికుల చేతిగడియారములలో లిండ్‌బర్గు పేరిట వెలసిన దానికున్న ప్రఖ్యాతి మరియొకదానికి లేదు. 1927 మే నెలలో న్యూయార్కునుండి పారిసువరకు 33½ గంటలు ఒంటరిగా, ఎక్కడను ఆగక విమానము నడపిన సాహసియాయన. పేరు నిలుచుట సహజమే. కాని ఆ గడియారమునకు ప్రాణమైన యుక్తి ఆయనది కాదు. అది ఆయనకు పాఠము చెప్పిన ఫిలిప్ వాన్ హార్న్ వీమ్స్ అను అమెరికా నౌకాదళోద్యోగిది. శిష్యునికి దక్కిన కీర్తిలో గురువునకు ముట్టిన పాలు మిక్కిలి స్వల్పము.

నక్షత్రమును చూచి రేఖాంశము కనుగొనవలెనన్నచో, చూచిన క్షణమున గ్రీనిచ్‌లో కాలమెంతో తెలియవలెను. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును. గడియారము 4 సెకనులు తప్పినచో భూమధ్యరేఖపై ఒక నాటికల్ మైలు తప్పినట్లే. అర నిమిషము తప్పినచో 7½ మైళ్లు! నడిసముద్రమున చిన్న దీవిని వెదకువానికి ఇది ప్రాణములమీదికి వచ్చు సంగతి. ఆనాటి చేతిగడియారములలో నిమిషముల ముల్లును దిద్దుకొనవచ్చునే గాని, సెకనుల ముల్లును దిద్దుటకు సాధారణముగా వీలులేదు.

ఎన్నడును తప్పని గడియారము కావలెనని వీమ్స్ పట్టుపట్టలేదు. ముల్లు జోలికి పోక, దాని క్రింది సెకనుల పలకనే తిరుగునట్లు చేయించినాడు. రేడియోలో కాలసంకేతము వినబడగానే పలకను ముల్లుకు సరిపడ త్రిప్పిన చాలును. యంత్రము ఆగదు, తప్పు దిద్దబడును. ఎంత సులభము! స్విట్జర్లాండులోని లాంజీన్ కంపెనీ దీనిని తయారుచేయగా, 1935లో వీమ్స్‌కు పేటెంటు లభించినది.

1928లో లిండ్‌బర్గు హవానానుండి తిరిగివచ్చుచు, దిక్సూచులు సరిగా పనిచేయక దారి తప్పినాడు. అట్లాంటిక్కును దాటిన వీరుడు ఆ యేడే వీమ్స్ ఎదుట విద్యార్థియై కూర్చుండుట, పారిసు యాత్రకంటె తక్కువగా మెచ్చదగినది కాదు. ఆ చదువు ఫలితమే 1931 నాటి గడియారము. గురువుగారి పలకకు తోడుగా, చుట్టునున్న వలయముపై డిగ్రీలు చెక్కించి, కాలమును కోణముగా చదువుకొను సౌకర్యము ఆయన కల్పించినాడు: 12 గంటలకు 180 డిగ్రీలు, నిమిషమునకు 15 కళలు.

తరువాత ముల్లునే ఆపి దిద్దుకొను గడియారములు వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధములో జర్మనులు 55 మిల్లీమీటర్ల వెడల్పుగల అట్టి వానిని దళసరి కోటు చేతిపై కట్టుకొనిరి. తిరుగు పలకతో అవసరము తీరినది.

నేడు ఈ పాత గడియారములను గొప్ప వెలలిచ్చి కొనువారు ముఖముపై గీతలున్నవా, తోలుపట్టీ నాటిదేనా అని పరికింతురు. పలక ఎందుకు తిరుగునని అడుగువారు అరుదు. డిగ్రీకి 4 నిమిషములని బట్టీపట్టు బాలుని చేతికే అది ముందుగా అందవలసినది. ఉపగ్రహ సంకేతములను నమ్ముకొని అమెరికా నౌకాదళ విద్యాలయము మానివేసిన నక్షత్ర పాఠమును, 2015లో మరల ప్రారంభించినది. వీమ్స్ చదివి 1912లో పట్టము పొందినది అక్కడనే.