అటకమీద పనస పలక

"ఏ కొయ్య మంచిది మామయ్యా?" అని మా మేనల్లుడు ఫోనులో అడిగితే, మంచం చేయించుకుంటున్నాడు కాబోలు అనుకుని, తడుముకోకుండా "టేకు" అన్నాను. పెళ్ళికావలసిన కుర్రాడు. మంచం చేయించుకోవటంలో ఆశ్చర్యమేముంది? తీరా చూస్తే అబ్బాయికి కావలసింది మంచం కాదు, కరెంటు గిటారు!

బెంగుళూరులో ఎవరో పనివాడు కోరినట్టు చేసిపెడతాడట. ఒంటికి ఏ కొయ్య, మెడకు ఏ కొయ్య, మెట్లు కూర్చోబెట్టే పట్టీకి ఏ కొయ్య అని ఓ పెద్ద జాబితా పంపాడు. మహాగని ఒంటికి మేపుల్ పైపలక వేస్తే నాదం చిక్కగా ఉండి అంచు పదునుగా ఉంటుందట. యాష్ అయితే గలగల, ఆల్డర్ అయితే సమతూకం. జత మారినప్పుడల్లా ధర మారుతోంది. మా ఊరి పెళ్ళిళ్ళ పేరయ్యగారు కూడా జన్మలో ఇన్ని జతలు చూపించి ఉండరు.

వాడు బెజవాడ వచ్చినప్పుడు నాకు పాఠం చెప్పాడు. 1952లో గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ అనే వాద్యకారుడి పేరుతో అమ్మిన గిటారుకు మహాగని ఒళ్ళూ, మేపుల్ పైపలకా. ఫెండర్ కంపెనీవారు 1954లో స్ట్రాటోకాస్టర్‌ను యాష్‌తో మొదలుపెట్టి, రెండేళ్ళు తిరిగేసరికి ఎక్కువగా ఆల్డర్‌కు మారారు. ఆ రెండు కంపెనీల అలవాట్లే ఇప్పటికీ శాస్త్రంలా నడుస్తున్నాయి. ఆ లెస్ పాల్ మహాశయుడే 1940 ప్రాంతంలో నాలుగంగుళాల పైన్ దూలానికి తీగెలు బిగించి సభలో వాయిస్తే, జనం పట్టించుకోలేదట. మామూలు గిటారు ఒకటి నిలువునా కోసి దూలానికి అటూ ఇటూ రెక్కల్లా తగిలించి వాయిస్తే చప్పట్లు కొట్టారట! మనం చెవులతో వింటున్నామనుకుంటాంగాని, సగం కళ్ళతోనే వింటాం సుమండీ.

అప్పుడు నాకు మా అటకమీద ఉన్న పనస పలక గుర్తుకొచ్చింది.

మాది మొవ్వ దగ్గర చిన్న పల్లె. పెరట్లో పెద్ద పనసచెట్టు ఉండేది. మా అక్కయ్య వీణ నేర్చుకునేది, మేష్టారింట్లో ఉన్న వీణమీదే. "పనస కొయ్యే కదా వీణకు? ఈ చెట్టు ముసలిదయ్యాక నీకు వీణ చేయిస్తాను" అనేవారు నాన్నగారు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ఏం చేసిందో నేను చెప్పనక్కరలేదు. మా ఊళ్ళోకి సముద్రం రాలేదుగాని, గాలికి చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. అక్కయ్యకు అప్పుడు పదమూడేళ్ళు, నాకు ఎనిమిది. వానకు తడిసి పాడవుతుందని నాన్నగారు వెంటనే రంపం పెట్టించి, మానును పలకలుగా కోయించి, అటక ఎక్కించారు. ఆ పలకలు ఆరేలోపల ఇంటికప్పు బాగుచేయించటం వచ్చింది, తరవాత అక్కయ్య పెళ్ళి వచ్చింది. వీణ మాత్రం రాలేదు. అక్కయ్య ఎన్నడూ అడగలేదు. కానీ పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఒక్కసారి అటకవైపు చూసేది.

అందుకని, "ఆ పలక తీసుకోరా" అని నేను అనలేదు. "మీ అమ్మను అడుగు" అన్నాను. వాడు అడిగాడు. అక్కయ్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు, "నూజివీడు తీసుకెళ్ళు. వీణలు చేసేవాళ్ళు చెప్పాలి అది దేనికి పనికొస్తుందో" అంది.

నూజివీడు అనగానే నోట్లో నీళ్ళూరటం మన అలవాటు. కానీ ఆ ఊరికి రసాలెంతో వీణలూ అంతే. 2022లో జిల్లా మారి ఏలూరు జిల్లాలోకి పోయిందిగాని, వీణ మాత్రం పాత పనసతోనే చేస్తున్నారు. మేము ముగ్గురం రెండు పలకలు కారుమీద కట్టుకుని వెళ్ళాం. మిగతావి ఎప్పుడో చెదల పాలయ్యాయి.

పనిచేసే పెద్దాయన పలకను రెండు వేళ్ళతో పైకి ఎత్తి పట్టుకుని, మూడో వేలి కణుపుతో కొట్టాడు. మొదటి పలక "టప్" అని ఊరుకుంది. "ఇది చచ్చిపోయిందండీ. లోపల బీట ఉంది" అన్నాడు. రెండోది కొట్టేసరికి చిన్న గంటలా మోగి, ఆ మోత కాసేపు నిలిచింది. అక్కయ్య మొహం విప్పారింది.

"వీణ అవుతుందా?" అని అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "వీణకు కుండ ముఖ్యం అమ్మగారూ. దాన్ని దుంగలోంచి తొలవాలి. ఏకాండి వీణ అయితే కుండా, దండీ, యాళీ అన్నీ ఒకే మానులో రావాలి. అతుకుల వీణకైనా కుండకు మొద్దు కావాల్సిందే. మానును పలకలుగా కోయించిన రోజే వీణ పోయింది. ఇది కుండమీది పలకకు పనికొస్తుందంతే."

నాన్నగారు జాగ్రత్త చేద్దామని చేసిన పనే అది! ఎవరమూ మాట్లాడలేదు.

ఆ మౌనం భరించలేక కాబోలు, మేనల్లుడు గిటారు సంగతి ఎత్తాడు. వీణలో తీగె కదలిక గుర్రం మీదుగా పలకలోకి దిగి, కుండలోని గాలిని కదిలిస్తుంది. మనం వినేది కొయ్య గొంతు. కరెంటు గిటారులో అలా కాదు. ఉక్కుతీగె కింద అయస్కాంతం, దానిచుట్టూ వేల చుట్ల సన్నని రాగితీగె ఉంటాయి. తీగె ఆడితే అందులో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని పెట్టె పెద్దది చేస్తుంది. కొయ్య చేసేదల్లా తీగె బలాన్ని కొంత తాగటమో, తిరిగి ఇవ్వటమో. ఆ తేడా చెవికి ఎంత తెలుస్తుందన్న దానిమీద తెలిసినవాళ్ళే ఇప్పటికీ పోట్లాడుకుంటున్నారు.

పెద్దాయన శ్రద్ధగా విని, "అయితే ఒంటికంటే మెడ జాగ్రత్తగా చూసుకో బాబూ. వంగిందా, ఏ కొయ్యా నిన్ను కాపాడదు" అన్నాడు. నిజమే. ఆరు తీగెలూ బిగిస్తే మెడమీద పడే లాగుడు సుమారు 45 కిలోలు. "నిలువు పొర ఉన్న పాత టేకు చూసుకో. కూల్చిన ఇంటి గుమ్మంలోది అయితే మరీ మంచిది. మెట్ల పట్టీకి జిట్రేగు వెయ్యి. కొయ్య పేరు ఎవరైనా చెబుతారు. ఎన్నేళ్ళు నీడన ఆరిందో అడుగు." నేను మొదటే టేకు అన్నానని గుర్తుచేశాను. మేనల్లుడు వినిపించుకోలేదు.

చివర చెదతిన్న భాగం కోసేస్తే మంచి కొయ్య రెండడుగులు తేలింది. పదమూడంగుళాల వెడల్పున ఒక గిటారు ఒంటికైనా సరిపోతుంది, లేదా ఒక వీణకు పైపలకకైనా. రెంటికీ చాలదు.

తిరిగివస్తూ హనుమాన్ జంక్షన్‌లో టీ తాగాం. అంతవరకూ అక్కయ్య నోరు విప్పలేదు. గ్లాసు కింద పెట్టి, "ఇన్నాళ్ళూ డబ్బు చాలక నాన్న మాట తప్పాడనుకున్నానురా. అది కాదన్నమాట. పాపం, ఆయనకు తెలియలేదు" అంది. తరవాత కొడుకుతో, "తీసుకో. కానీ ముందు మాయామాళవగౌళలో సరళీస్వరాలు. ఆ తరవాత నీ ఇష్టం" అంది.

వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "గిటారుమీద సరళీస్వరాలేమిటమ్మా?"

"పాలకొల్లులో పుట్టిన పిల్లాడు మాండలిన్‌మీద వాయించలా? 1978లో గుడివాడ త్యాగరాజోత్సవాల్లో మొదటి కచేరీ చేశాడు. అప్పటికి తొమ్మిదేళ్ళు" అంది అక్కయ్య. మాండలిన్ శ్రీనివాస్ సంగతి అది. తరవాత ఆయన జంటతీగెలు తీసేసి అయిదు ఒంటితీగెల కరెంటు మాండలిన్ పట్టి ప్రపంచమంతా తిరిగాడు. 2014లో వెళ్ళిపోయాడుగాని, పరాయి వాద్యం మన గమకం పలుకుతుందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేసి మరీ వెళ్ళాడు. మేనల్లుడు మరి నోరెత్తలేదు.

ఆరునెలలకు గిటారు వచ్చింది. పసుపు కొయ్య వయసుకు ముదిరి తేనెరంగుకు తిరిగింది. నాదం పనసవల్ల బాగుందో, అయస్కాంతాలవల్ల బాగుందో నన్నడక్కండి. వాడు వారంరోజులు సరళీస్వరాలతో కుస్తీపట్టాడు. ఓనాడు అక్కయ్య, "ఇలా తే" అని దాన్ని వీణలా ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, తీగెను వేలితో పక్కకు లాగింది. స్వరం వంగి, నిలిచి, మళ్ళీ ఇంటికొచ్చింది. ఎన్నేళ్ళ తరవాతో ఆ వేళ్ళు తీగె తాకటం! మరునాటినుంచి గిటారుకు పొద్దుట ఆవిడ వంతు, సాయంత్రం వాడి వంతు.

మొన్న వాడు మళ్ళీ ఫోను చేసి, "వీణకు పనస మొద్దు ఎక్కడ దొరుకుతుంది మామయ్యా?" అని అడిగాడు. ఈసారి మంచం అనుకోలేదు.