లాయరుకు డబ్బు లేదని బిడ్డను వదులుకోవాలా?

ఆదివారం ఆరాధన ముగిశాక అందరూ వెళ్లేదాకా ఆగి, చేతి సంచిలో మడిచిపెట్టిన కాగితం తీసి పాస్టరుగారి ముందు పెట్టే తల్లిని మనం ఎరుగుదుం. బిడ్డను తనకు అప్పగించమంటూ భర్త కోర్టులో వేసిన పిటిషను తాలూకు నోటీసు అది. "లాయరుకు ఇచ్చుకోను నా దగ్గరేముందయ్యగారూ?" అంటుంది. ప్రార్థన చేద్దామమ్మా అంటాం. పెద్దలతో మాట్లాడిస్తామంటాం. రెండూ మంచివే. ఈలోగా వాయిదా తేదీ దాటిపోతుంది. ఆమె తరఫున ఎవరూ హాజరు కాలేదని కోర్టు ఎక్స్‌పార్టీగా ముందుకు సాగుతుంది. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది తల్లి మాట వినకుండానే తేలిపోవచ్చు.

ఆ తల్లికి ముందు చెప్పవలసింది వేరే ఉంది. లాయరు ఖర్చు ఆమె పెట్టుకోనక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకూ పిల్లలకూ ఉచిత న్యాయ సహాయం హక్కు. దీనికి ఆదాయ పరిమితి లేదు. కూలికి వెళ్లే అక్కకు ఎంత హక్కుందో బడిలో పాఠం చెప్పే టీచరమ్మకూ అంతే. ఈ చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది గనుకనే ఏటా ఆ రోజును జాతీయ న్యాయ సేవల దినంగా పాటిస్తున్నారు. ముప్పై ఏళ్లు గడిచినా ఈ సంగతి మన స్త్రీల కూడికల దాకా రాలేదు.

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. చిన్న పట్టణాల కోర్టుల్లో మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది. తెల్ల కాగితం మీద తెలుగులో అర్జీ రాసి, నోటీసు నకలు జతచేసి ఇస్తే చాలు. రాయడం రానివారు నోటితో చెబితే అక్కడివారే రాసుకోవాలి. 15100 నంబరుకు ఫోను చేసి దారి అడగవచ్చు. లాయరు ఫీజు ఒక్కటే కాదు, కోర్టు ఫీజు, పిటిషను రాయించే ఖర్చు, ఆర్డరు కాపీల ఖర్చు కూడా ఇందులో కలిసే ఉంటాయి.

"ఉచితంగా వచ్చే లాయరు గట్టిగా వాదిస్తాడా?" ఇది మేము తరచుగా వినే మాట. ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. ప్యానెల్ లాయర్లకు ప్రభుత్వమిచ్చే ఫీజు తక్కువ, పని ఎక్కువ. శ్రద్ధగా చేసేవారు ఉన్నారు, వాయిదాకు రానివారూ ఉన్నారు. అయితే ఆ లాయరు కక్షిదారు దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. అడిగితే సంస్థ కార్యదర్శికి ఫిర్యాదు చేయవచ్చు. కేసు పట్టించుకోకపోతే వేరే లాయరును ఇమ్మని కోరవచ్చు. నచ్చలేదని ఇంటికొచ్చి కూర్చోవడం కంటే ఇది మేలు గదా.

ఫ్యామిలీ కోర్టులో లాయరే అక్కర్లేదని కొందరంటారు. అది సగం నిజం. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షను ప్రకారం అక్కడ లాయరును పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతించాలి. కానీ డబ్బున్నవారు అనుమతి తెచ్చుకుంటారు. అవతలి పక్షానికి లాయరు ఉండి ఈమెకు లేకపోతే, ఆ మాట జడ్జిగారితోనే చెప్పి సహాయం కోరాలి. కోర్టుకు సహాయంగా ఒక న్యాయవాదిని నియమించే వీలు ఆ సెక్షనులోనే ఉంది.

విడాకుల కేసు కూడా నడుస్తుంటే క్రైస్తవ స్త్రీకి మరో దారి ఉంది. మనకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం 36వ సెక్షను కింద కేసు ఖర్చులూ మధ్యంతర మనోవర్తీ భర్త నుంచి ఇప్పించమని భార్య అడగవచ్చు. 2001 సవరణ తరువాత, ఆ అర్జీని భర్తకు అందిన నాటి నుంచి వీలైనంత వరకు 60 రోజుల్లో తేల్చాలి.

డబ్బున్న తండ్రికే బిడ్డనిస్తారన్న భయం కూడా చాలామందిని వెనక్కి లాగుతోంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం చూడమనేది బిడ్డ క్షేమం. 1973లో ఒక క్రైస్తవ దంపతుల కేసులోనే, పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కాదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సంపాదన తక్కువైన తల్లికి, ఆ లోటు తీర్చేందుకు తండ్రి చేత మనోవర్తి ఇప్పించే చట్టాలున్నాయి.

అన్ని కేసుల్లోనూ తల్లే అన్యాయానికి గురైందని మేము అనడం లేదు. బిడ్డ ముఖం చూడక నెలలు గడిపే తండ్రులూ మన సంఘాల్లో ఉన్నారు. వారి దారి ఇంకా ఇరుకు. ఎస్సీ, ఎస్టీలకు కూడా ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ దళితులనే ఎస్సీలుగా గుర్తిస్తుంది. క్రైస్తవుడినని రాయించుకుని బీసీ-సీ సర్టిఫికెట్ పట్టుకున్న దళిత తండ్రికి ఆ తలుపు మూసుకుపోతుంది. ఎస్టీ సోదరులకు ఈ చిక్కు లేదు. ఈ ముడి సంగతి మన పాఠకులకు విప్పి చెప్పనక్కర్లేదు. అలాంటి తండ్రి రాష్ట్రం నిర్ణయించిన ఆదాయ పరిమితి కిందే అడగాలి. అందుకు తన ఆదాయం గురించి అఫిడవిట్ ఇస్తే, నమ్మకపోవడానికి కారణం లేనంతవరకు, అది సరిపోతుంది.

విశ్వాసులు కోర్టుకెక్కకూడదని కొరింథీయులకు పౌలు రాసిన మాటలు చూపించి ఆ తల్లిని ఆపేవారున్నారు. పౌలు ఆ మాట చెబుతూనే, సహోదరుల మధ్య న్యాయం తీర్చగల బుద్ధిమంతుడు మీలో లేడా అని సంఘాన్నే నిలదీశాడు. పైగా నోటీసు అందినప్పటికే ఒకరు కోర్టుకెక్కారు. జవాబు చెప్పుకోవలసినవారిని ఆపడం సమాధానపరచడం ఎలా అవుతుంది? ప్రభువు చెప్పిన ఉపమానంలో విధవరాలు న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికి వెళ్లింది. మన సహోదరి అలా వెళితే ప్రతి వాయిదాకు ఒక రోజు కూలి పోతుంది.

సంఘం కానుక అక్కడికి చేరాలి. లాయరు ఫీజుకు చందాలెత్తనక్కర్లేదు, చట్టం దాన్ని చూసుకుంటుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం గనుక బస్సు ఛార్జీ బాధా కొంత తగ్గింది. పోయిన కూలిని చట్టమూ బస్సూ ఇవ్వవు. స్త్రీల సమాజం వాయిదా రోజున ఆ కూలి ఇచ్చి, ఒకరిని తోడు పంపితే ఆమె ఒంటరిగా కోర్టు వరండాలో నిలబడవలసిన పని ఉండదు.

మరొకటి సంఘం చేతిలోనే ఉంది. మనోవర్తి అడిగినా, విడాకుల కేసు ఖర్చులు అడిగినా, కోర్టు ముందుగా పెళ్లి రుజువు చూపమంటుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు లేని పాస్టరుగారు చేసిన పెళ్లి అయితే, రిజిస్టరులో నమోదు లేక, ఆ తల్లి పెళ్లి ఫొటోల ఆల్బం పట్టుకుని లాయరు చుట్టూ తిరుగుతుంది. అవతలివారు పెళ్లే జరగలేదన్నా ఆశ్చర్యం లేదు. క్రిస్మస్ దాటగానే పెళ్లిళ్లకు తేదీలిచ్చిన సంఘాలు, పందిళ్ల మాట తరువాత, లైసెన్సు కాగితమూ రిజిస్టరు పుస్తకమూ బీరువాలో ఉన్నాయో లేవో ఈ వారమే తెరిచి చూసుకోవాలని కోరుతున్నాం.