మీట వేఱు, అక్షరము వేఱు

మన యూరి పేరును తెలుగున సరిగా వ్రాయుట కంప్యూటరునకు కష్టమని చెప్పినచో చదువరులలో ననేకులు నవ్వుదురు. పాలమూరను పాతపేరునకు మాఱుగా 1890వ సంవత్సరమున ఆఱవ నిజామైన మీర్ మహబూబ్ అలీ ఖాను పేరిట వచ్చిన యీ పేరును రైలుస్టేషను పలకపై చిన్నబాలురు సైతము చదువుచున్నారు. అయినను, విద్యార్థులు తయారుచేసిన చిన్న ప్రోగ్రాములను ఈ సంవత్సరము మేము పరీక్షించుచుండగా, ఒక దరఖాస్తు పత్రమున "మహబూబ్‌నగర్" అని కొట్టిన పేరు "మహబూబ్నగర్" అయి కూర్చుండెను. బకారము క్రిందికి నకారము వత్తుగా జాఱిపోయెను. కొట్టినవాడు సరిగానే కొట్టెను. ప్రోగ్రామే సరిగా వినలేదు. ఈ వినకపోవుటను గుఱించియే కొన్ని మాటలు చెప్పదలచితిమి.

మీట నొక్కినప్పు డేమి జరుగునో ముందుగా చూతము. మీట అక్షరమును పంపదు. ఫలానిచోటనున్న మీట క్రిందికి దిగినదను వార్తను మాత్రమే పంపును. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ వార్తను వరుసలో నిలిపి, తెరపైనున్న విండోలలో ఏది యప్పుడు పనిలో నున్నదో దానికి అందజేయును. ఇట్టి వార్తకే ఈవెంటని పేరు. విండోస్‌లో మీట దిగినదని యొక వార్తయు, లేచినదని మఱియొక వార్తయు వచ్చును. ఇవి గాక, కీబోర్డు అమరికను బట్టి తేలిన యక్షర మిది యని వేఱొక వార్త వచ్చును. జావాలోను ఇట్లే మూడు విధముల వార్తలు కలవు. మీటవార్త వేలిని గుఱించి చెప్పును. అక్షరవార్త మాటను గుఱించి చెప్పును. ఈ భేదమును మఱచుటయే తప్పునకు మూలము.

ఇంగ్లీషున "కె" మీటకు "కె" అక్షరమే వచ్చును గావున, ప్రోగ్రాము వ్రాయువానికి ఈ రెండును ఒకటిగనే తోచును. తెలుగున అట్లు గాదు. భారత ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో "కె" మీటకు కకారమును "డి" మీటకు పొల్లును వచ్చును. "స్త్రీ" యను ఒక్క యక్షరమునకు ఎమ్, డి, ఎల్, డి, జె, ఆర్ అను క్రమమున ఆఱుమారులు మీటలను నొక్కవలెను. సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అను ఆఱు సంకేతములు కూడి కన్నులకు ఒక్క యక్షరముగ కనబడును. ఇంగ్లీషు అక్షరములతో తెలుగు కొట్టువారికి ఇన్‌పుట్ మెథడ్ అను నడుమ ప్రోగ్రాము తోడ్పడును. అది కొన్ని మీటలను తనయొద్ద నిలుపుకొని, తేలిన తెలుగును మాత్రమే ముందుకు పంపును. మీటల నొక్కటొక్కటిగా పట్టుకొని అవియే అక్షరములని నమ్ము ప్రోగ్రామునకు ఈ యేర్పాటు అర్థము కానేరదు.

ఇక మన యూరి పేరు సంగతి. పొల్లు తరువాత హల్లు వచ్చినచో అది వత్తగుట మన లిపిధర్మము. పొల్లు పొల్లుగనే నిలువవలెనన్నచో, దాని తరువాత కంటికి కానరాని సంకేత మొకటి యుండవలెను. ఇస్కీ యను 1991నాటి భారతీయ ప్రమాణమున పొల్లును రెండుమారులు చేర్చుటచే ఈ పని నెరవేరెడిది. యూనికోడులో ఇందులకై "జీరో విడ్త్ నాన్ జాయినర్" అను ప్రత్యేక సంకేతము కలదు. దానితో కూడ "మహబూబ్‌నగర్" 11 సంకేతములు. అది లేనిచో 10. "పాలమూరు"నకు 7 చాలును, కానరానిది ఒక్కటియు అక్కఱలేదు. పూర్వులు మన కష్టమును ముందే యెఱిగి ఆ పేరు పెట్టిరేమో!

ఆ విద్యార్థి ప్రోగ్రాము వచ్చిన ప్రతి సంకేతమును ఆపి, అది కంటికి కనబడునదా యని చూచి, కానిచో పాఱవేయుచుండెను. పేరులో చెత్త చేరరాదనియే యతని జాగ్రత్త. అయినను ఫలమేమి? ఒకచోట 11 సంకేతములతోను వేఱొకచోట 10 సంకేతములతోను వ్రాయబడిన యూరు, సంకేతములను ఉన్నవున్నట్లు పోల్చు యంత్రమునకు రెండూళ్లగును. ఒక పేరుతో వెదకినచో రెండవ పేరు క్రిందనున్న పిల్లలు దొరకరు. ఉపకారవేతనపు జాబితా తీయునాడు ఇది చిన్నతప్పు కాదు.

ఇంగ్లీషున వ్రాసికొన్నచో ఈ బాధ యుండదు గదా యని కొందఱందురు. ఇంగ్లీషు నేర్వవలసినదే. కాని తెలుగు మాత్రమే చదువనేర్చిన తల్లి తన బిడ్డ పేరును, ఊరిని కాగితముమీద తానే సరిచూచుకొనగలుగుట న్యాయము. తప్పులను వాకిటనే ఆపవలదా యని మఱికొందఱడుగుదురు. ఆపవలసినదే, కాని పేరు పూర్తియైన పిమ్మట పరీక్షించి, తప్పున్నచో మర్యాదగా తెలుపవచ్చును. సగము కూడిన యక్షరమును తప్పని త్రోసివేయుట, బాలుడు మాట ముగింపకమునుపే బెత్తమెత్తు నుపాధ్యాయుని పద్ధతి. అట్టి తరగతిలో ఎవరును నోరు విప్పరు.

మీటవార్తలను విననే వలదని మేము చెప్పుట లేదు. ఎంటరు, ఎస్కేపు, బాణపుగుర్తుల మీటలు ఆజ్ఞలు, ఆజ్ఞలను వినవలెను. అందును మితము కావలెను. చూపులేనివారు తెరను చదివి వినిపించు ఎన్‌వీడీఏ వంటి ప్రోగ్రాము సాయమున, మౌసు లేకయే, ట్యాబు మీటతో ఒక గడినుండి వేఱొక గడికి పోవుదురు. ఆ మీటను తన సొంతపనికి పట్టుకొని విడువని ప్రోగ్రాము వారి దారిని మూసివేయును. తనకు అక్కఱలేని వార్తను మ్రింగివేయక ముందుకు పోనిచ్చుట ప్రోగ్రామునకు తగిన మర్యాద. మన విద్యార్థి ప్రోగ్రాము చేసిన తప్పును ఇట్టిదే: తనకు తెలియనిది అక్కఱలేనిదని తలచెను.

తప్పు తెలిసిన పిమ్మట అతడు చేసిన దిద్దుబాటు మిక్కిలి చిన్నది. సంకేతములను పాఱవేయు పంక్తులను తీసివేసి, అక్షరములను స్వీకరించు పనిని సిస్టమ్ ఇచ్చు పాఠపుగడికే విడిచెను. ఆ గడిలోని పాఠము మాఱినదను వార్తను మాత్రము వినునట్లు ప్రోగ్రామును మార్చెను. ఊరి పేరు సరిగా వచ్చెను. ప్రోగ్రామును మునుపటికంటె పొట్టిదాయెను.

కావున విద్యార్థులారా, మీరు వ్రాసిన ప్రోగ్రామును ఉపాధ్యాయునికి చూపకమునుపు అందులో మూడుమాటలు కొట్టి చూడుడు: "మహబూబ్‌నగర్" అని యొకటి, "స్త్రీ" అని యొకటి, మీ అవ్వ పేరొకటి. మూడును చెక్కుచెదరక నిలిచినచో మీ ప్రోగ్రాము వినుట నేర్చినదని తెలిసికొనుడు. తల్లిదండ్రులకును మా మనవి యొక్కటియే. ఎచ్చట మీ పిల్లల పేరు తెలుగున నమోదు చేయించినను, తెరపై దానిని ఒకమారు కన్నులార చదివి, సరిగా నున్నదని తోచిన పిమ్మటనే లేచి రండు.